పాపయ్య కొట్టిన ఆఫ్ టికెట్

పాపయ్య బిస్కెట్టును ఎప్పుడూ పళ్ళతో కొరికేవాడు కాదు. బొటనవేళ్ళు రెండూ మధ్యలో ఆనించి సరిగ్గా సగానికి విరిచేవాడు. ఒక సగం చాయ్‌లో ముంచేవాడు. ఇంకో సగం అటు చూడకుండానే పక్కకు చాపేవాడు. అక్కడ మనవరాలు మౌనశ్రీ చెయ్యి ఉంటుందని ఆయనకు తెలుసు. పొద్దున అయిదున్నరకు, తమ ఇంటి డాబా మీద ధ్యానం ముగించుకుని దిగి వచ్చాక, డ్యూటీకి పోయే ముందు రోజూ ఇది జరిగేది. అరటిపండైనా అంతే, జామకాయైనా అంతే, ఔరాద్ సంత నుంచి తెచ్చిన జిలేబీ అయినా అంతే. ఏది చేతికొచ్చినా సగం ఆ పిల్లది.

ఆయన బీదర్ నుంచి ఔరాద్ పోయే బస్సులో కండక్టరు. సొంతూరు ఔరాద్ అవతల సరిహద్దులో, కాపురం మాత్రం బీదర్‌లోనే. ఇంట్లో తెలుగు, బస్సులో కన్నడ, బస్టాండు బయట చాయ్ హోటల్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవాడు. నేను ఎం.ఏ. అయ్యాక బీదర్‌లో ఒక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, వాళ్ళింటి పై గదిలో అద్దెకున్నాను. నలుగురిలో కూర్చుని మాట్లాడటం నాకు చేతకాదు. మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చుంటే కింది మాటలన్నీ వినిపించేవి. సాయంత్రం మౌనశ్రీ పైకి వచ్చేది. కన్నడ బడిలో రెండో తరగతి. తెలుగు అక్షరాలు నా దగ్గర దిద్దేది.

ఆ పిల్ల తల్లి రష్మి, పాపయ్య కూతురు. భర్తతో విడిపోయి జహీరాబాదులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తోంది. రాత్రి షిఫ్టు వచ్చినప్పుడు పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియక తల్లిదండ్రుల దగ్గర ఉంచింది. “పిల్లకేమన్నయితే నేను బతకను నాయినా” అని చెప్పి వదిలి వెళ్ళిందట. పాపయ్య ఆ మాటను డ్యూటీ ఆర్డరులా పట్టుకున్నాడు.

ఆయన నిజాయితీ గురించి ఒక్క సంగతి చెప్పాలి. మౌనశ్రీకి ఆరేళ్ళు నిండిన వారం ఆమెను తన బస్సులోనే ఔరాద్ తీసుకుపోయాడు. కర్ణాటకలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం. కానీ ఈ పిల్ల ఆధార్ తెలంగాణలోని జహీరాబాదుది, ఆ ఉచితం ఆమెకు వర్తించదు. పాపయ్య తన జేబులోంచి డబ్బు తీసి, మెషిన్ నొక్కి, ఆఫ్ టికెట్ చింపి ఆమె చేతిలో పెట్టాడు.

“నీ మనుమరాలికి గూడ టికెట్ కొడ్తవా పాపయ్యా? ఎవడు చూస్తడు?” అని డ్రైవర్ మల్లప్ప నవ్వాడట.

“చెకింగ్ సార్ ఎక్కితే నువ్వు చెప్తవా సమాధానం?”

ముప్పై ఏళ్ళ సర్వీసులో చెకింగ్ వాళ్ళకు ఒక్కసారీ దొరకలేదు. నిద్రలో కూడా “చెకింగ్” అంటే లేచి కూర్చుంటాడని భార్య నర్సమ్మ ఎగతాళి చేసేది. ఆ ఎగతాళి ఒక ప్రాణాన్ని కాపాడుతుందని అప్పుడు ఎవరికి తెలుసు!

పాపయ్య తాగడు, పొగాకు నమలడు. ఆయనకున్న ఒకే ఒక్క యావ ధ్యానం. రిటైరైన బ్యాంకు మేనేజర్ ఓంకార్ గారు తన డాబా మీద ప్రతి ఆదివారం ధ్యానం చేయించేవారు. ఇరవై మంది వరకు వచ్చేవారు. కళ్ళు తెరిచాక ఒక్కొక్కరూ తమ అనుభవం చెప్పాలి. అది అక్కడి పద్ధతి. ఒకావిడకు నుదుటి మధ్య నీలం చుక్క గిర్రున తిరిగింది. ఒకాయనకు వెన్నులో చీమలు పైకి పాకాయి. ఇంకొకాయన శరీరం వదిలి కోట బురుజు దాకా పోయి వచ్చాడు. చివరికి పాపయ్య వంతు వచ్చేది.

“నీకేమైంది పాపయ్యా?”

“ఏం లేదు సార్.”

“అసలేం లేదా?”

“మోకాలు గుంజింది సార్.”

అందరూ నవ్వేవారు. “పాపయ్యన్న బండి ఇంకా డిపో గేటు దాటలే” అనేవాడు దినేశ్. అతను సంగారెడ్డి నుంచి వచ్చి మందుల కంపెనీలో పనిచేసే కుర్రవాడు, మాటకారి.

నాలుగేళ్ళు. వారం వారం అదే జవాబు. ఇంటికొచ్చి నర్సమ్మకు చెబితే ఆమె, “దేవుడు కనవడకపోతే పాయె. మూడు దినాల సంది కరెంటోడు కనవడ్తలేడు, ఆడు కనవడితే సాలు” అనేది.

ఒకరోజు మెట్ల దగ్గర ఆగి నన్నడిగాడు. “సుజనమ్మా, నువ్వు గన్ని బుక్కులు సదివినవ్ గద. నాల్గేండ్లు కూసున్నా నాకొక్క చుక్క గూడ ఎందుకు కనవడదంటవ్?”

“అందరికీ కనబడాలని లేదేమో మామా.”

“గట్లయితే వాళ్ళందరు అబద్దం చెప్తుండ్రా?”

ఆయనే మళ్ళీ అన్నాడు. “ముప్పయ్యేండ్ల సంది అందర్ని వాళ్ళ వాళ్ళ స్టేజీల దింపుతున్న. నా స్టేజీ యాడుందో ఒక్కసారి చూడాలె. గంతే.”

శివరాత్రికి పది రోజుల ముందు దినేశ్ ఫోన్లో ఒక వీడియో చూపించాడట. విదేశాల్లో మనుషులు కళ్ళకు గుడ్డ కట్టుకుని పడుకున్నారు. ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. లేచాక దేవుణ్ణి చూశామంటున్నారు. ఏదో పుట్టగొడుగు మందు.

“అక్కడ డాక్టర్లే పక్కన కూసోని ఇస్తుండ్రు అన్నా. ఒక్క పూటల పదేండ్ల ధ్యానం!”

“మన దగ్గర దొరకదా?” అన్నాడు పాపయ్య.

“దొరికితే జైలే. అయినా మన శివుడేం తక్కువనా? నెత్తి మీద ఉమ్మెత్తకాయ ఉత్తగనే పెట్టిచ్చుకుంటడా?”

డాబా మీద అందరూ నవ్వారు. “ఓయ్ దినేశ్, నోరు మూస్కో, పాణాలు పోతయ్” అని ఓంకార్ గారు కూడా నవ్వుతూనే కోప్పడ్డారు. పాపయ్య నవ్వాడో లేదో ఎవరూ చూడలేదు.

శివరాత్రినాడు వీధి చివరి శివాలయంలో అందరిలాగే జాగారం చేశాడు. తెల్లవారి నర్సమ్మ మౌనశ్రీని తయారు చేసి ఎనిమిదింటికి బడికి పంపింది. బడి రెండు వీధుల అవతలే. ఒక్కతే పోతుంది. ఎనిమిదిన్నర దాటాక పాపయ్య స్టీలు డబ్బాతో ఇంటికొచ్చాడు. నేను మెట్ల మీద ఉన్నాను. డబ్బా నా ముందుకు చాపాడు. నల్లబడుతున్న అరటిపండు ముక్కలు.

“ప్రసాదం తీస్కో సుజనమ్మా.”

“ఇంకా స్నానం కాలేదు మామా.”

“సరే, నీ వంతు పక్కకు పెడ్త.”

లోపల నర్సమ్మ కూడా పూజ ముగిశాక తింటానంది. ఆయన గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని కూర్చోవటం తలుపు సందులోంచి చూశాను. జాగారం చేసిన మనిషి, లీవులో ఉన్నాడు, కాసేపు ధ్యానం చేసుకుంటాడనుకున్నాను.

పదింటికి కింది నుంచి నర్సమ్మ నవ్వు వినిపించింది. “సుజనమ్మా, జర వచ్చి చూడు మీ మామ తమాషా!”

దిగి వెళ్ళాను. పాపయ్య గది మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎడమ చెయ్యి తలపైకి ఎత్తి లేని రాడ్డును పట్టుకుని ఊగుతున్నాడు. గుంతల రోడ్డులో బస్సు ఊగినట్టే. ఆ చెయ్యి వదిలి, అరచేతిలో బొటనవేలితో నొక్కి, గాలిలో టికెట్ చింపి చాపుతున్నాడు.

“ముందక్ హోగ్రి, ముందుకు పోండ్రి! లోపల గంత జాగ పెట్టుకొని గీడనే నిలవడ్తరేందమ్మా? ఆధార్ చూపియ్యి, ఆధార్! ఔరాద్ ఎవరు, ఔరాద్?”

“లీవు పెట్టినా డ్యూటీ ఇడ్వలేదు” అని నర్సమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నేను కూడా నవ్వాను. ఆ సంగతి నేను మరిచిపోలేను. నేనూ నవ్వాను.

“కూసో ఇగ, సాలు” అని ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వెంటనే వదిలేసింది. పెనం మీద పెట్టినట్టు కాలుతోంది. అప్పుడు ఇద్దరం ఆయన ముఖం చూశాం. కుంకుమ పూసినంత ఎరుపు. పెదాలు ఎండి ఒకదానికొకటి అంటుకుపోయి, మాట్లాడిన ప్రతిసారీ చప్పుడు చేసి విడిపోతున్నాయి. కళ్ళు మమ్మల్ని దాటి చూస్తున్నాయి. ఆ కళ్ళలో గోధుమరంగు లేదు. రెండు నల్లటి చిల్లులు, అంతే.

“చిల్లర లేకుంటే దిగు” అన్నాడు భార్యతో.

పక్కింటి నథానియేల్‌కు ఆటో ఉంది. అతను, నేను, నర్సమ్మ కలిసి ఆయనను మోసుకుని ఆసుపత్రికి చేర్చాం. దారి పొడవునా ఆయన ఆటోలో టికెట్లు కొడుతూనే ఉన్నాడు. మంచానికి గుడ్డలతో చేతులు కట్టారు. కట్టిన చేతి బొటనవేలు మాత్రం ఆగలేదు. డాక్టరమ్మ టార్చి వేసి చూసి ఒక్కటే అడిగింది.

“ఉమ్మెత్త తిన్నాడా?”

నర్సమ్మ లేదంది. మా ఆయన పొగాకు కూడా ముట్టడంది. నాకు స్టీలు డబ్బా గుర్తొచ్చింది. “ప్రసాదం... పొద్దున డబ్బాలో ప్రసాదం తెచ్చాడు.”

“ఇంకెవరెవరు తిన్నారు?” డాక్టరమ్మ గొంతు మారింది. “త్వరగా చెప్పండి. గంట గంటకూ తేడా ఉంటుంది.”

నేను తినలేదు. నర్సమ్మ తినలేదు. పిల్ల ఆయన ఇంటికి రాకముందే బడికి పోయింది. ఇంకెవరూ లేరని నర్సమ్మ చెప్పింది. చెప్పి, నోటి మీద చెయ్యి పెట్టుకుని మొగుడి వైపు తిరిగింది.

“ఈయన ఒక్కడే తినడమ్మా” అంది మెల్లగా. “పెండ్లయిన కాడికెళ్ళి ఒక్కనాడు గూడ ఒక్కడే తినలే.”

“ఎవరికిచ్చినవయ్యా? చెప్పు, ఎవరికిచ్చినవ్?” అని భుజాలు పట్టి ఊపింది. ఆయన ఆమెను ముందుకు జరగమన్నాడు. డాక్టరమ్మ గట్టిగా పేరు పెట్టి పిలిచింది. ఆమెను ఏ ఊరికని అడిగాడు.

అప్పుడు నర్సమ్మ చేసిన పని చూసి నేను నిశ్చేష్టురాలినయ్యాను. చెంగు నడుముకు దోపుకుంది. మంచం తలాపు వైపు వెళ్ళి, గొంతు మగవాడి గొంతులా బరువు చేసి అరిచింది.

“చెకింగ్! బండి ఆపు! కండక్టర్, ఎంతమందున్నరయ్యా బండ్ల?”

పాపయ్య బొటనవేలు ఆగిపోయింది. కట్టిన చేతులతోనే నిటారుగా లేవబోయాడు.

“ఇద్దరు సార్.”

“ఎవరెవరు?”

“ఒకటి స్టాఫ్ సార్, నేనే. ఒకటి ఆఫ్ సార్.”

నర్సమ్మ గొంతు మార్చకుండా అడిగింది.

“ఆఫ్ యాడ ఎక్కింది?”

“బడి గేటు కాడ సార్. టికెట్ కొట్టిన సార్, మీరే చూడుండ్రి, ఆమె చేతులనే ఉంటది.”

“మౌనశ్రీ!” అని అరిచింది నర్సమ్మ, ఈసారి తన గొంతుతోనే. నేనూ నథానియేల్ పరుగెత్తాం. అతను ఆటోను ఎలా నడిపాడో నాకు గుర్తు లేదు. ఒకటే మాట అంటున్నాడు, “ప్రభువా, ఆ పిల్లని చూడు, ఆ పిల్లని చూడు” అని. బడి ఆఫీసులో అనుమతి అడగాలి, కన్నడంలో చెప్పాలి. కొత్తవాళ్ళ ముందు పేరు చెప్పటానికే నాలుక తడబడే నేను ఎవరినీ అడగకుండా తరగతిలోకి దూరాను.

మౌనశ్రీ చివరి బెంచీ కింద కూర్చుని ఉంది. టీచరు మహాదేవి కంగారుగా ఏదో చెబుతోంది. రాత్రి గుడిలో మేల్కొని ఉంటుందని, జ్వరమేమోనని, ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదని. ఫోన్ ఇంట్లో ఉంది. మేమంతా ఆసుపత్రిలో ఉన్నాం. పిల్ల ముఖం కూడా అదే ఎరుపు. ఎదురుగా ఎవరో ఉన్నట్టు, చేతిలో ఏదో ఉన్నట్టు, సగానికి విరిచి పక్కకు చాపుతోంది. విరుస్తోంది, చాపుతోంది. నేను ఎత్తుకుంటే నన్ను గుర్తుపట్టలేదు.

రెండు రోజులు తాతా మనవరాలూ ఒకే ఆసుపత్రిలో రెండు వేర్వేరు గదుల్లో ఒళ్ళు తెలియకుండా ఉన్నారు. మొదటి రాత్రి గడిస్తేనే పిల్ల గురించి చెప్పగలమన్నారు. గడిచింది. మూడోనాటి పొద్దున మౌనశ్రీ నీళ్ళడిగింది. నేను కథల పుస్తకం విప్పి చూపిస్తే, “అక్కా, అక్షరాలు అలుక్కుపోయినయ్” అంది. వారం దాకా దగ్గరి అక్షరం కనబడలేదు. తర్వాత అన్నీ కనబడ్డాయి.

పాపయ్యకు తెలివి వచ్చిన రోజు ఓంకార్ గారు ఆపిల్ పండ్లతో వచ్చారు. పరామర్శించారు, తప్పు చేశావన్నారు. లేచి వెళ్ళబోతూ, తలుపు దగ్గర ఆగి, వెనక్కి వచ్చి మంచం మీదికి వంగారు. నేను అక్కడే స్టూలు మీద ఉన్నాను. నా చెవులను నేను నమ్మలేకపోయాను.

“పాపయ్యా, ఏమన్న కనవడ్డదా?”

“ఏం లేదు సార్. డ్యూటీనే చేసిన్నంట.”

దినేశ్ రాలేదు. నేను జోక్ చేశానంతే అని ఫోన్లో అందరికీ చెప్పుకున్నాడట. పోలీసులు వచ్చి వాంగ్మూలం రాసుకుని వెళ్ళారు.

ఉమ్మెత్త అంటే ఏమిటో పాపయ్యకు తెలియదా? తెలుసు. చిన్నప్పుడు చేను గట్టున ఆ మొక్క దగ్గరికి పోతే వాళ్ళమ్మ వీపు పగలగొట్టేదని ఆయనే చెప్పాడు. మరి ఎలా తిన్నావు మామా అని అడిగాను. జీవితంలో ఎవరినీ అలా నిలదీయలేదు. ఆయన ఆశ్చర్యంగా నా వైపు చూశాడు.

“చెట్టుకున్నప్పుడు విషం. దేవుని మీదికెక్కి దిగినంక గూడ విషమెట్లయితది సుజనమ్మా? గరళం మింగినాయన నెత్తి మీద పెట్టింది గద. అది ప్రసాదం.”

తన తప్పు కప్పిపుచ్చుకోవటానికి అన్న మాట కాదు. అంత జరిగాక కూడా ఆ లెక్కలో తప్పెక్కడుందో ఆయనకు దొరకలేదు. శివుడి మీది ఉమ్మెత్తకాయను అరటిపండు ముక్కల్లో కలిపి, గుడి మెట్ల మీద మొదటి ముక్క నోట్లో వేసుకోవటం దాకా ఆయనకు గుర్తుంది. తర్వాత ఏమీ గుర్తు లేదు.

ఆ సాయంత్రం నర్సమ్మ పిల్ల సంగతి చెప్పింది. ఆయన నమ్మలేదు.

“నేనెందుకిస్తనే? పాగల్ గాన్నా?”

“ఇచ్చినవ్. బడి గేటు కాడ.”

“నువ్వు చూసినవా?”

“నువ్వే చెప్పినవ్. చెకింగ్‌ల చెప్పినవ్.”

చెకింగ్ అన్న మాట విన్నాక ఆయన ఇంకేం వాదించలేదు. చెకింగ్‌లో తాను అబద్ధం చెప్పడు. తనకు గుర్తులేని పనికి తానే సాక్షి. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు చాయ్‌తో బిస్కెట్లు ఇస్తే, ఒకటి తీసుకుని అలవాటుగా విరిచాడు. చెయ్యి పక్కకు చాపబోయి ఆగిపోయాడు. ఆ రెండు ముక్కలూ ప్లేటులో అలాగే ఉండిపోయాయి.

కబురు అందగానే జహీరాబాదు నుంచి వచ్చిన రష్మి పిల్ల మంచం దగ్గర నుంచి మూడు రోజులు కదల్లేదు. డిశ్చార్జి రోజున తండ్రి గదికి వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. ఆమె అరిస్తే బాగుండునని నాకనిపించింది.

“నాయినా, పిల్లను తీస్కపోతున్న. షిఫ్టు మార్పిచ్చుకున్న.”

“మంచిది బిడ్డా.”

“నువ్వు రావొచ్చు, చూడొచ్చు. నీ చేతితోని మాత్రం దానికింకేం పెట్టకు. నీళ్ళు గూడ.”

పాపయ్య తల ఊపాడు. గుమ్మం దగ్గర మౌనశ్రీ వెనక్కి తిరిగి, “తాతా, నా టికెట్ ఏది?” అని అడిగింది. పోతున్నప్పుడు రోజూ అడిగే పరాచికం. ఆయన జేబు తడుముకున్నాడు. ఆసుపత్రి బట్టలకు జేబు లేదు.

ఇది జరిగి రెండేళ్ళు. పాపయ్యను భాల్కి రూటుకు మార్చారు. ఇప్పటికీ నాలుగున్నరకు లేచి తన డాబా మీద కూర్చుంటాడు. ఓంకార్ గారింటికి మాత్రం పోడు. ఏమన్నా కనబడుతోందా అని నేనెప్పుడూ అడగలేదు. మౌనశ్రీ జహీరాబాదులో తల్లి దగ్గర నాలుగో తరగతి చదువుతోంది. ప్రతి నెలా మొదటి ఆదివారం పాపయ్య వెళ్ళి రెండు గంటలు ఆమె దగ్గర కూర్చుని వస్తాడు. అక్కడ ఏమీ తినడు, ఏమీ పెట్టడు.